చేతికర్రకూ కొలతలుంటాయి!

మన ఇళ్ళలో చేతికర్ర వారసత్వంగా వస్తుంది. తాతగారు పోయాక ఆయన కర్ర తలుపు మూలకో అటక మీదికో చేరుతుంది. పదేళ్ళ తర్వాత నాయనమ్మకు మోకాళ్ళు పట్టేస్తే, దాన్నే కిందికి దించి దుమ్ము తుడిచి ఆమె చేతికిస్తారు. తాతగారు ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. నాయనమ్మ ఐదడుగులకు అంగుళం తక్కువ. ఆయన చెప్పులు తెచ్చి ఆమెను వేసుకోమంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. కర్ర విషయంలో మాత్రం ఎవరికీ నవ్వు రాదు!

జాకెట్టు కుట్టించాలంటే దర్జీకి అరడజను కొలతలిస్తాం. కళ్ళజోడు కావాలంటే పరీక్ష చేయించి నంబరు రాయించుకుంటాం. ఒంటి బరువు మోసే చేతికర్రనూ, చంకకర్రలనూ, వాకర్‌నూ మాత్రం మందుల షాపుకు వెళ్ళి "ఒకటివ్వండి" అని తెచ్చేసుకుంటాం. కొన్న నెల తిరక్కుండానే మూల చేరే కర్రలు అందుకే అన్ని ఉన్నాయి. మూల చేరితే డబ్బుతో పోయింది. సరిపోని కర్రతోనే నడుస్తూ ఉంటే అసలు నష్టం మొదలవుతుంది. కర్ర పొడుగెక్కువైతే భుజం పైకి లేచి ఉండిపోతుంది. మెడ నొప్పి, భుజం నొప్పి వస్తాయి. పొట్టిదైతే మనిషి ఆ పక్కకు ఒరుగుతాడు, నడుము వంగుతుంది, తూలి పడతాడు. అరవై దాటినవారికి, అందులోనూ ఆడవారికి, తుంటి ఎముక విరగడానికి స్నానాల గదిలో ఒక్కసారి జారడం చాలు. అలా మంచం పట్టి మళ్ళీ లేవనివారిని మీరూ చూసే ఉంటారు.

కొలత తీసుకోవడం కష్టమేమీ కాదు. ఒక టేపు, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. కర్ర అవసరమైన వారిని నిటారుగా నిలబడమనండి. చెప్పులతో తిరిగేవారైతే చెప్పులతో, వట్టికాళ్ళతో తిరిగేవారైతే వట్టికాళ్ళతో నిలబడాలి. చేతులు పక్కన వదులుగా వేలాడాలి. మణికట్టు దగ్గర, అరచెయ్యి మొదలయ్యే చోట చర్మం మీద ఒక ముడత ఉంటుంది చూడండి. నేల నుంచి ఆ ముడత దాకా ఎంత ఎత్తో, కర్ర పిడి పైభాగం సరిగ్గా అంత ఎత్తులో ఉండాలి. కింద తొడిగే రబ్బరు బుష్‌ను కూడా కలుపుకునే కొలవాలి సుమా! ఆ కర్ర పట్టుకుని నిలబడితే మోచెయ్యి కొద్దిగా, ఇరవై ముప్ఫై డిగ్రీలు వంగి ఉంటుంది. ఆ వంపు ఉంటేనే చెయ్యి కర్రను నేలకు నొక్కగలదు.

చెక్క కర్ర అయితే వడ్రంగి చేత కోయించవచ్చు. ఒక్కసారే కోసేయవద్దు. అరంగుళం చొప్పున కోయిస్తూ నడిచి చూడమనండి. కోసిన చెక్క మళ్ళీ అతకదు కదా! అల్యూమినియం కర్రలకు రంధ్రాలూ, వాటిలోకి దూరే బొత్తామూ ఉంటాయి. బొత్తాం పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూడాలి. సగం పట్టిన బొత్తాం బరువు పడగానే లోపలికి పోతుంది.

పిడి సంగతి కూడా చూడండి. గొడుగు వంకీలా వంగిన పిడి అందంగానే ఉంటుంది, గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది. బరువు మోపడానికి మాత్రం అరచెయ్యి ఆనే అడ్డపిడి మేలు. కీళ్ళవాతంతో వేళ్ళు ముడుచుకోని వారికి లావు పిడి కావాలి. సన్నని పిడిని గట్టిగా పట్టుకోవడానికే వారి బలమంతా సరిపోతుంది. ఇక రబ్బరు బుష్ చాలా చౌక వస్తువు. కానీ అది అరిగిపోయిన కర్ర, అసలు కర్ర లేకపోవడం కంటే ప్రమాదం. నెలకోసారి తిరగేసి చూడండి. అడుగున గాళ్ళు అరిగి నున్నగా కనిపిస్తే ఆ రోజే మార్చెయ్యండి.

ఇంతకీ కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?

నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకునేవారు చాలామంది. చూడ్డానికి అదే సబబుగా తోస్తుంది. కానీ అది తప్పు. కుడికాలు బాధ పెడుతుంటే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కూడా దానితో పాటే పడాలి. కారణం తెలిస్తే మీరు మళ్ళీ మరచిపోరు. ఒంటికాలి మీద నిలబడితే ఒళ్ళు రెండో పక్కకు ఒరిగిపోవాలి. ఒరగదు. ఎందుకంటే నిలబడిన కాలి తుంటి పక్కనున్న కండరాలు నడుమును బలంగా లాగి పట్టుకుంటాయి. ఆ లాగుడూ, ఒంటి బరువూ రెండూ తుంటి కీలు మీదే పడతాయి. మామూలుగా నడుస్తున్నప్పుడే ఆ కీలు మీద పడే భారం మనిషి బరువుకు రెండున్నర, మూడు రెట్లు. అంటే 60 కిలోల మనిషికి 150 నుంచి 180 కిలోలన్నమాట! ఇప్పుడు అవతలి చేతిలో ఒక కర్ర ఉందనుకోండి. అది తుంటికి దూరంగా ఉంటుంది. పలుగు పొడుగ్గా ఉంటే కొద్దిపాటి బలంతోనే పెద్ద బండ లేస్తుంది కదా, అదే సూత్రం ఇక్కడా. చేత్తో కొంచెం నొక్కితే చాలు, కండరాలు లాగాల్సిన అవసరం బాగా తగ్గుతుంది, కీలుకు ఊపిరాడుతుంది.

1956లో వాల్టర్ బ్లౌంట్ అనే అమెరికా ఎముకల వైద్యుడు 'చేతికర్రను పారేయకండి' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాసి ఈ లెక్కంతా వివరించాడు. కర్ర పట్టుకుంటే ముసలితనం ఒప్పుకున్నట్లేనని సిగ్గుపడేవారికి నేను ఈ లెక్కే చెబుతుంటాను. కీలు అరుగుదల మొదలైన యాభై ఏళ్ళ వయసులోనే కర్ర పట్టినవారు, కాలు ఈడుస్తూ పరువు కాపాడుకునేవారి కంటే ఎక్కువ దూరం నడుస్తారు.

మెట్ల దగ్గర ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, దానితో పాటు బాధ కాలు.

చంకకర్రల విషయానికి వస్తే, పేరులోనే చిక్కుంది. చంకలో పెట్టుకుని వాటి మీద వేలాడాలని అందరూ అనుకుంటారు. కాదు. బరువు మోయవలసింది అరచేతులు. చంకకర్ర పైభాగం పక్కటెముకలకు ఆనుకుని ఉంటుందే తప్ప చంకలో గుచ్చుకోకూడదు. నిలబడినప్పుడు చంకకూ కర్ర పైభాగానికీ మధ్య మూడు వేళ్ళు పట్టేంత సందు ఉండాలి. చేతిపిడి, ఇందాక చెప్పిన మణికట్టు ముడత ఎత్తులోనే ఉండాలి. కర్రల అడుగుభాగం పాదాలకు కొంచెం ముందుగా, పక్కగా, ఇంచుమించు ఆరంగుళాల దూరంలో ఆనాలి.

చంకలోంచి చేతికి పోయే నాడులుంటాయి. రోజుల తరబడి వాటి మీద బరువు పడితే మొదట వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. తర్వాత మణికట్టు వాలిపోతుంది. చెయ్యి ముందుకు చాపితే అరచెయ్యి తెగిన కొమ్మలా కిందికి వేలాడుతుంది, మంచినీళ్ళ గ్లాసు కూడా సరిగ్గా పట్టుకోలేరు. కాలు విరిగి కర్రలు పట్టిన మనిషికి చెయ్యి కూడా పడిపోయిందంటే ఇంట్లో వాళ్ళు పక్షవాతమని హడలిపోతారు. వెంటనే కనిపెట్టి ఆ ఒత్తిడి తీసేస్తే చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే చెప్పలేం. ఇంకో సంగతి. చంక ఒరుసుకుంటోందని కర్ర పైన పాతగుడ్డలు చుట్టి దిండులా చేస్తుంటారు. అలా చుట్టినకొద్దీ ఎత్తు పెరిగి, ఉన్న మూడు వేళ్ళ సందు కూడా పోతుంది! ఒరుసుకుంటోందంటే మెత్త చాలలేదని కాదు, కర్ర పొడుగైందని. దాన్ని తగ్గించండి.

కొద్ది వారాలకు కాకుండా ఏళ్ళ తరబడి కర్రలు వాడవలసిన వారికి, ముఖ్యంగా పడుచువారికి, మోచేతి కర్రలు నయం. వీటికి చంక దాకా వచ్చే భాగమే ఉండదు. మోచేతి కింద ఒక పట్టీ చేతిని పట్టుకుని ఉంటుంది. తలుపు తీయాలన్నా, బస్సులో డబ్బులివ్వాలన్నా కర్ర కింద పెట్టనక్కర లేకుండా చెయ్యి ఖాళీ చేసుకోవచ్చు.

ఇప్పుడు పోలియో వచ్చినవారి నడకను గుర్తుకు తెచ్చుకోండి. అడుగు వేసినప్పుడల్లా వంగి, తొడ మీద చెయ్యి నొక్కుకుంటూ నడిచేవారు మీ వీధిలోనో, మీ ఆఫీసులోనో ఉంటారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా మనకు ధ్రువీకరణ వచ్చింది. కానీ అంతకు ముందు దాని బారిన పడినవారు మన మధ్యనే ఉన్నారు. వారు తొడను ఎందుకు నొక్కుకుంటారో తెలుసా? తొడ ముందు భాగంలోని కండరం మోకాలిని నిటారుగా నిలబెడుతుంది. అది చచ్చుబడితే బరువు పడగానే మోకాలు మడత పడుతుంది. చెయ్యి ఆ కండరం పని చేస్తోందన్నమాట. డాక్టరు చెప్పకుండానే, ఎవరూ నేర్పకుండానే, నాలుగేళ్ళ పిల్లలు తమంతట తామే కనిపెట్టిన ఉపాయమిది!

కేలిపర్ చేసేది కూడా అదే. తొడ నుంచి పాదం దాకా రెండు పక్కలా కడ్డీలు, మోకాలి దగ్గర ఒక తాళం. నిలబడినప్పుడు తాళం పడి మోకాలు వంగదు. కూర్చునేటప్పుడు రింగు పైకి లాగితే వంగుతుంది. చెయ్యికి తొడ మీద కాపలా తప్పుతుంది, నడుము నిటారుగా నిలుస్తుంది. ఇంత మేలు చేసే వస్తువును పిల్లలు ఎందుకు విసిరి కొడతారు? బరువు. ఇనుప కడ్డీలు, తోలుపట్టీలు, దానికి బిగించిన బూటు. ఆ బూటుతో వంటింట్లోకి రానివ్వరు, దేవుడి గదిలోకి రానివ్వరు. బడిలో చాప మీద కూర్చోవడం కుదరదు. రోజుకు పదిసార్లు విప్పి కట్టుకోవలసిన వస్తువును ఎవరు మాత్రం కట్టుకుంటారు? ఇప్పుడు పాదం కిందికి పల్చటి ప్లాస్టిక్ అచ్చు వచ్చే తేలిక కేలిపర్లు వచ్చాయి. బూటు అక్కరలేదు, చెప్పులోనే ఇముడుతుంది. పక్షవాతం వచ్చి పాదం వాలిపోయి, బొటనవేలు నేలకు రాసుకుంటూ నడిచేవారికి కూడా మోకాలి కింద దాకా వచ్చే ఇలాంటి అచ్చు ఎంతో సాయం చేస్తుంది.

పిల్లలకు కేలిపర్ వేయించిన తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు పెరుగుతారు, కడ్డీ పెరగదు. పండగకు బట్టలు కుట్టించినట్టే, ఆరు నెలలకొకసారి కేలిపర్ చూపించండి. మోకాలి తాళం అసలు మోకాలికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. అది కిందికి జారినట్టు కనిపిస్తే కాలు ఎదిగిందన్నమాట.

బూటుకూ వంటింటికీ పడకపోవడమనే ఈ తగువులోంచే మన దేశానికి పేరు తెచ్చిన ఒక వస్తువు పుట్టింది. జైపూర్ కాలు. దానికి ముందు కాలు పోయినవారికి విదేశీ పద్ధతి పాదం పెట్టేవారు. చీలమండ కదలదు, బూటు తొడిగితేనే పనికొస్తుంది. కుర్చీలో కూర్చుని, కారులో తిరిగే దేశాలకు అది చాలు. మన రైతు దానితో పొలం గట్టు మీద నడవలేడు, బురదలో దిగలేడు, గొంతుక్కూర్చోలేడు, బాసీపట్టు వేసుకుని భోజనానికి కూర్చోలేడు. అందుకని ఆస్పత్రిలో పెట్టించుకున్న కాలు ఇంట్లో పడేసి, మళ్ళీ చంకకర్రలతో తిరిగేవారు. జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ కలిసి 1968లో కొత్త పాదం తయారు చేశారు. శర్మగారు డాక్టరూ కాదు, ఇంజనీరూ కాదు. చేతిపని తెలిసిన శిల్పి. లోపల స్పాంజి రబ్బరు, చెక్క ముక్కలు. పైన లారీ టైర్లకు వేసే తరహా రబ్బరును అచ్చులో ఉడికించి చేసిన తొడుగు. చామనఛాయ రంగు, వేళ్ళతో సహా మన పాదంలాగే ఉంటుంది. నీళ్ళలో తడిసినా పాడవదు. చీలమండ అన్ని వైపులా వంగుతుంది కాబట్టి గొంతుక్కూర్చోవచ్చు, వట్టికాళ్ళతో నడవవచ్చు. 1975లో జైపూర్‌లోనే మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీన్ని ఉచితంగా అమర్చడం మొదలుపెట్టింది. సేఠీగారికి 1981లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది.

మన తెలుగువారికి ఈ కాలును పరిచయం చేసింది మాత్రం సినిమా. 1981లో ప్రమాదంలో కుడికాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ జైపూర్ కాలుతో మళ్ళీ వేదికెక్కారు. తన కథలో తానే నటించిన 'మయూరి'ని మీలో చాలామంది చూసే ఉంటారు. అది చూసి, కాలు అమర్చగానే నడక వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి. ఆవిడ ఎంతో కాలం నొప్పి భరించి సాధన చేశారు. తొలి నెలల్లో మిగిలిన కాలి మొండెం వాపు తీసి చిక్కిపోతుంది, తొడుగు వదులవుతుంది, మళ్ళీ సరిచేయించాలి. అంతకు ముందే ఒక జాగ్రత్త ఉంది. ఆపరేషన్ అయిన రోజుల్లో నొప్పిగా ఉందని మోకాలి కిందో తొడ కిందో దిండు పెట్టుకుని పడుకోకండి. కీలు వంగి అలాగే బిగుసుకుపోతే ఎంత మంచి కాలు తెచ్చినా అమరదు. చక్కెర జబ్బు వల్ల కాలు పోయినవారు రోజూ రాత్రి తొడుగు విప్పి, చిన్న అద్దం సాయంతో మొండెం అడుగు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన చర్మం ఒరిసిపోతున్నా తెలియదు.

జైపూర్ కాలు చెప్పే సంగతి మన ఇంటి వాకర్‌కూ వర్తిస్తుంది. మనిషితో పాటు ఇంటిని కూడా కొలవాలి. వాకర్ వెడల్పు ఇంచుమించు రెండడుగులు. పాత ఇళ్ళలో స్నానాల గది తలుపు కూడా అంతే. ఇక మన గడపలు! పసుపు రాసి ముగ్గు పెట్టిన నాలుగంగుళాల గడప వాకర్ పట్టుకున్న మనిషికి కొండ. కొనే ముందు తలుపులు టేపుతో కొలుచుకోండి. గడప తీయడం ఇష్టం లేకపోతే రెండు వైపులా ఏటవాలుగా చెక్కపలక వేయించండి. స్నానాల గదిలో వాకర్ పట్టని చోట గోడకు ఇనుప పిడి బిగించండి. పిడి గోడలోకి గట్టిగా దిగాలి. తువ్వాలు ఆరేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు.

ఈ సాధనాలన్నీ కొనలేని వారికి దారి లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి ఎడిప్ అనే పథకం కింద, 40 శాతం వైకల్యం ధ్రువపత్రం ఉన్న తక్కువ ఆదాయం వారికి వీటిని ఇస్తోంది. కాన్పూర్‌లో 1972లో స్థాపించిన ఆలింకో అనే ప్రభుత్వ సంస్థ వీటిని తయారుచేస్తుంది. పేద వృద్ధుల కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో శిబిరం ఎప్పుడో అడగండి. శిబిరంలో వరుసలో నిలబడి, చేతికిచ్చింది తీసుకుని వచ్చేయకండి. అక్కడే పట్టుకుని పది అడుగులు నడిచి చూపించండి. సరిపోకపోతే సరిచేయమని అడగండి. ఉచితంగా ఇచ్చారని మొహమాటపడితే చెయ్యి వాలిపోయేది మీకే.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మగారికి 72 ఏళ్ళు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయి రెండు నెలలైంది. వాకర్ పట్టుకుని నడవమంటే, ఎవరైనా చుట్టాలొస్తే గోడ పట్టుకుని నడుస్తున్నారు. వాకర్ మానేసి కర్ర ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆ కాలి మీద పూర్తి బరువు వేయవచ్చని చెప్పేదాకా కర్రకు మారవద్దు. గోడ పట్టుకుని నడవడం అన్నిటికన్నా ప్రమాదం. గోడ అయిపోయిన చోటే పడతారు. వాకర్‌కు ఒక గుడ్డసంచీ తగిలించి కళ్ళజోడు, మందులు, ఫోను అందులో పెట్టమనండి. తన వస్తువులు దానిలో ఉంటే దాన్ని తనే వదలరు. రాత్రిళ్ళు మంచానికి అందేంత దగ్గర పెట్టండి. లేచేటప్పుడు వాకర్‌ను పట్టుకుని లాగకూడదు, అది మీదికి వస్తుంది. కుర్చీ చేతుల మీద నొక్కి లేచి, నిలబడ్డాక వాకర్ పట్టుకోవాలి. ఆ కుర్చీ కూడా ఎత్తుగా, చేతులున్నదిగా చూడండి. చుట్టాల సంగతి మీరు చూసుకోండి!

ప్రశ్న: నా వయసు 54. రెండో ఏట పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. చిన్నప్పుడు కేలిపర్ ఉండేది. బరువని హైస్కూల్లోనే మానేసి, తొడ మీద చేత్తోనే ఇన్నాళ్ళూ ఉద్యోగం చేసుకొచ్చాను. ఏడాదిగా రెండు కాళ్ళూ అలసిపోతున్నాయి, మెట్లెక్కలేకపోతున్నాను. పోలియో తిరగబెట్టిందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: లేదు, భయపడకండి. ఆ క్రిమి తిరిగి రాలేదు. పోలియోలో చచ్చిపోగా మిగిలిన నాడీకణాలు యాభై ఏళ్ళుగా రెండింతల పని చేసి అలసిపోయాయి. పోలియో వచ్చిన దశాబ్దాల తర్వాత ఇలా కొత్తగా నీరసం రావడం వైద్యులకు తెలిసిన విషయమే. అయితే థైరాయిడ్, రక్తహీనత, వెన్నెముక జబ్బులు కూడా ఇలాగే ఉంటాయి కాబట్టి ఒకసారి నరాల డాక్టరుకు చూపించుకుని అవి లేవని తేల్చుకోండి. బలం వస్తుందని అలసిపోయేదాకా వ్యాయామం చేయకండి, మీ విషయంలో అది చెడుపు. పని మధ్యలో కాస్త కాస్త విశ్రాంతి తీసుకోండి. కుడి చేతిలో కర్ర ఈ రోజే మొదలుపెట్టండి. కేలిపర్ కూడా మళ్ళీ వేయించుకోండి. ఇప్పటివి మీరు చిన్నప్పుడు మోసినంత బరువుండవు. కొలతలివ్వడానికి వెళ్ళేటప్పుడు, ఇంట్లో ఎక్కడైనా ఆ పాత కేలిపర్ మిగిలి ఉంటే తీసుకువెళ్ళండి. అది మిమ్మల్ని ఎక్కడ ఒరిసేదో, ఎక్కడ నొక్కేదో దాని మీదే వేలు పెట్టి చూపించవచ్చు.